పడుగు ఒకటే, పేకలే మారాయి

కోతలు అయ్యాక తెలంగాణ పల్లెలో ఏ రైతునైనా వడ్లు ఎక్కడ పోశావని అడిగితే ‘ఐకేపీ సెంటర్ల’ అంటాడు. ఐకేపీ అంటే ఇందిరా క్రాంతి పథం, ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పెట్టిన పేరు. ఆంధ్రలో సంఘం పనిమీద మండలానికి బయల్దేరిన ఆడవాళ్లు ‘వెలుగు ఆఫీసుకు’ వెళ్తున్నామంటారు. వెలుగు అంతకన్నా పాతది, 2000 నాటిది. ఇక సంఘం ఏ ఊళ్లో ఉన్నా జనం నోట అది డ్వాక్రా సంఘమే. 1982లో కేంద్రం మొదలుపెట్టిన ఆ పథకాన్ని 1999లోనే మరో పథకంలో కలిపేశారు. పేర్లు పెట్టిన ప్రభుత్వాలన్నీ దిగిపోయాయి. పని మాత్రం ఆగలేదు.

మన దగ్గర పథకానికి ఎన్నికలే ఆయుర్దాయం. ప్రభుత్వం మారగానే పాత ఫైళ్లు అటకెక్కుతాయి, అధికారులు బదిలీ అవుతారు, లబ్ధిదారుల జాబితా మళ్లీ మొదటినుంచి రాస్తారు. అలాంటి చోట మహిళా సంఘాల పని ఇన్ని ప్రభుత్వాలను దాటి ఎలా వచ్చింది? ఓట్లున్నాయి కాబట్టి ఎవరూ ముట్టుకోలేదని చాలామంది అంటారు. ఓట్ల మాట నిజమే. కానీ ఓట్లున్న పథకాలు ఎన్ని కనుమరుగు కాలేదు! ఇక్కడ నిలబెట్టింది పనితనం. ఏది కదపకూడదో, ఏది వచ్చిన ప్రభుత్వం చేతికి వదిలేయాలో తెలిసి కట్టిన కట్టడం ఇది. మగ్గం మీద పడుగు గట్టిగా బిగించి ఉంటే పేకలో ఏ రంగు దారం వేసినా బట్ట నిలుస్తుంది. ఈ కార్యక్రమాన్ని నేసినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

మొదటి అతుకు నెల్లూరులో పడింది. 1990ల మొదట్లో అక్కడ అక్షరదీపం పేరుతో సాక్షరతా ఉద్యమం నడిచింది. రాత్రిబళ్లలో చదువు నేర్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. దూబగుంట అనే ఊరి పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. ఉద్యమం గెలిచాక చల్లబడడం లోకరీతి. నెల్లూరులో మాత్రం ఆ గుంపులు చెదిరిపోకముందే వాటికి ఇంకో పని దొరికింది: రోజుకు ఒక్క రూపాయి పొదుపు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు పెట్టారు. సారా అంగడికి పోయే డబ్బు ఇంట్లో మిగిలిన వేళ ఆ రూపాయి అడగడంలోనే నేర్పంతా ఉంది. నెలకు 30 రూపాయలు కూలి చేసుకునే మనిషి కూడా తీయగలిగిన మొత్తం. పైగా అది ప్రభుత్వం ఇచ్చింది కాదు, తమది. కాబట్టి దాన్ని రద్దు చేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు.

ఆ తర్వాత 1990ల రెండో సగంలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని కొన్ని మండలాల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఒక ప్రయోగం జరిగింది. పది పదిహేనుమంది ఉండే చిన్న సంఘం ఒంటరిగా ఉంటే బ్యాంకు మేనేజరు గుమ్మం ముందు నిలబడే ధైర్యం కూడా రాదని అక్కడ తేలింది. అందుకే ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, వాటిపైన మండల సమాఖ్య అన్న మెట్ల వరస పుట్టింది. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ఏర్పడి, ప్రపంచ బ్యాంకు అప్పుతో శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో వెలుగు మొదలైనప్పుడు ఈ మెట్లే నమూనా అయ్యాయి. మూడేళ్లకు మిగతా గ్రామీణ జిల్లాలకూ పాకింది. సెర్ప్‌కు తొలి పదేళ్లు సారథ్యం వహించిన ఐఏఎస్ అధికారి టి. విజయ్‌కుమార్. ఒకే అధికారి ఒకే కుర్చీలో దశాబ్దం పాటు, అదీ 2004లో ప్రభుత్వం మారాక కూడా, కొనసాగడం మన పాలనలో అరుదు. ఈ పనితనంలో అదీ ఒక భాగమే.

ఇప్పుడు దగ్గరికి వెళ్లి చూద్దాం. సంఘం మొత్తం ప్రాణం ఒక తీర్మానాల పుస్తకంలో ఉంటుంది. అట్టవేసిన మామూలు పెద్ద నోటుపుస్తకం. సమావేశం జరిగిన తేదీ, హాజరైనవాళ్ల పేర్లు, రానివాళ్ల పేర్లు, ఎందుకు రాలేదో ఒక ముక్క. కిందటి సమావేశంలో అనుకున్నది జరిగిందా లేదా. ఈ నెల పొదుపు ఎంత పోగైంది, ఎవరు బాకీ పడ్డారు. ఆ పోగైన డబ్బులోంచి ఎవరికి ఎంత, దేనికి, ఎన్ని కంతుల్లో తీర్చేలా. చివర సంతకాలు, మధ్యమధ్య వేలిముద్రలు. ఇద్దరు అప్పు అడిగి డబ్బు ఒక్కరికే సరిపోయినప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్నది కూడా అందులోకి ఎక్కుతుంది. ఆవు కొనడానికి అడిగినామె ఆగి, ఆస్పత్రి ఖర్చుకు అడిగినామెకు ముందు ఇచ్చారంటే, ఆ వరస ఏ అధికారీ వేసింది కాదు.

దీన్నే కార్యక్రమం భాషలో పంచసూత్రాలు అంటారు: తప్పని సమావేశం, తప్పని పొదుపు, సంఘంలోనే అప్పు ఇచ్చిపుచ్చుకోవడం, గడువుకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. వినడానికి చప్పగా ఉంటాయి. కానీ ఈ అయిదూ గమనించండి: ఒక్కటీ ప్రభుత్వం మీద ఆధారపడదు. గ్రాంటు రాని నెలలో కూడా, కలెక్టరు మారిన నెలలో కూడా, ఎన్నికల కోడ్ ఉన్న నెలలో కూడా అయిదూ చేయవచ్చు. బ్యాంకు అప్పు ఇచ్చేముందు చూసేదీ ఈ అయిదే. ప్రభుత్వాల ప్రాధాన్యాలు మారుతున్నప్పుడు నిలిచి ఉండే గీటురాయి సంఘం చేతిలోనే ఉండేలా ఈ నియమాలను ఎంచుకున్నారు.

రెండో నేర్పు చట్టంలో ఉంది. 1995లో రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. 1964 నాటి పాత సహకార చట్టం కింద ప్రభుత్వం పాలకవర్గాన్ని రద్దు చేసి సొంత మనిషిని కూర్చోబెట్టగలదు. ప్రాథమిక సహకార సంఘాల్లో అది ఎన్నిసార్లు జరిగిందో పల్లె రాజకీయం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్త చట్టం కింద ప్రభుత్వానికి వాటా లేదు, కాబట్టి ఆ పెత్తనమూ లేదు. గ్రామ, మండల సమాఖ్యలను ఈ చట్టం కింద రిజిస్టరు చేయించారు. పైన సెర్ప్‌కు ముఖ్యమంత్రే అధ్యక్షుడు. కింద సమాఖ్యకు అధ్యక్షురాలు సభ్యులు ఎన్నుకున్న మనిషి. పై కొస రాజకీయంతో కదులుతుంది, కింది కొస కదలదు.

డబ్బు దారిని మలిచిన తీరు మరీ ముచ్చటైనది. సామాజిక పెట్టుబడి నిధి ప్రభుత్వం నుంచి మండల సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది. అక్కడినుంచి మాత్రం అప్పుగానే దిగుతుంది: సమాఖ్య గ్రామ సంఘానికి అప్పు ఇస్తుంది, గ్రామ సంఘం పొదుపు సంఘానికి, అది సభ్యురాలికి. సభ్యురాలు గేదె కొనుక్కుని, పాలమ్మి, కంతు కడితే ఆ డబ్బు అదే మెట్లు ఎక్కి సమాఖ్యకు చేరుతుంది. ప్రభుత్వానికి వెనక్కి పోదు. మళ్లీ ఇంకో ఇంటికి అప్పుగా దిగుతుంది. వెలుగు ప్రాజెక్టు ముగిసి, ప్రపంచ బ్యాంకు లెక్కలు మూసేసి వెళ్లిపోయినా ఆ నిధి ఊళ్లోనే తిరుగుతూ ఉంటుంది.

2004లో పరీక్ష ఎదురైంది. వెలుగు తెలుగుదేశం ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్న పథకం. గెలిచింది కాంగ్రెస్. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పేరు మార్చింది, వెలుగును, డ్వాక్రా పనిని ఒక్కటి చేసింది, ఎన్నికల మాట అయిన పావలా వడ్డీని తెచ్చింది. సంఘాల అప్పుల మీద నెలకు నూటికి పావలా, అంటే ఏడాదికి మూడు శాతం వడ్డీయే పడాలి. ఇది రాజకీయ వాగ్దానం. దాన్ని అమలు చేసిన విధానంలో పనివాళ్ల చెయ్యి కనబడుతుంది. బ్యాంకు పన్నెండు శాతం వేసిందనుకుందాం. సంఘం ముందు ఆ పన్నెండూ పూర్తిగా, గడువుకు కట్టాలి. కట్టినవాళ్లకే మూడు పోను తొమ్మిది శాతాన్ని ప్రభుత్వం తర్వాత తిరిగి ఇస్తుంది. గడువు తప్పితే పావలా వడ్డీ లేదు. అంటే ఓట్లకోసం పుట్టిన హామీ, సంఘం నాలుగో సూత్రానికి దన్నుగా నిలబడింది. బ్యాంకులకు వసూలు బాగుపడింది కాబట్టి ఇంకా పెద్ద అప్పులు ఇవ్వడానికి ముందుకొచ్చాయి. 2012 నుంచి గడువుకు కడితే అసలు వడ్డీయే లేని అప్పుగా అది మారినప్పుడు కూడా ఆ షరతు అలాగే ఉంది. ప్రభుత్వ విధానంతో పథకాన్ని జతచేయడం అంటే ఏమిటో నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను ముందు చూపించేది ఈ అతుకునే.

అతుకులు ఇంకా చాలా ఉన్నాయి. ధాన్యానికి మద్దతు ధర దక్కాలన్నది ప్రభుత్వ ఆరాటం. కల్లాలదాకా వెళ్లే యంత్రాంగం లేదు. గ్రామ సంఘాలు కాంటాలు పెట్టి కొన్నాయి, క్వింటాలుకు కమీషన్ సంఘం ఖాతాలో పడింది. కేంద్రం పేద కుటుంబాలకు ఎల్‌ఐసీ ద్వారా ఆమ్ ఆద్మీ బీమా పెట్టింది. చావు కబురు కంపెనీకి చేరేదాకా కాలయాపన. జిల్లా సమాఖ్యలు ఫోన్ కేంద్రాలు పెట్టాయి. ఊళ్లో ఎవరైనా పోతే కబురు అందగానే బీమా మిత్ర అనే సంఘం మనిషి ఆ ఇంటికి వెళ్లి, అంత్యక్రియల ఖర్చుకు 5,000 రూపాయలు చేతిలో పెట్టి, కాగితాలు తనే పట్టుకెళ్లేది. ఏడుస్తున్న ఇంట్లో ఆఫీసరు అడిగితే దొరకని కాగితం, పక్కవీధి అక్క అడిగితే దొరుకుతుంది. తర్వాత ఆంధ్రలో వచ్చిన ప్రభుత్వం చంద్రన్న బీమా తెచ్చినప్పుడు ఈ ఏర్పాటునే వాడుకుంది.

2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వారంవారం వసూళ్ల ఒత్తిడికి పల్లెల్లో ప్రాణాలు పోయాయి. ఆ అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి వాళ్లను కట్టడి చేసింది. చట్టం ఆపగలిగింది అప్పు ఇచ్చేవాణ్ని, అవసరాన్ని ఆపలేదు. పిల్లకు జ్వరం వస్తే బ్యాంకు మీటింగుదాకా ఎవరు ఆగుతారు? ఏడాది తిరక్కముందే మండల సమాఖ్యలు, ప్రభుత్వం వాటాదారులుగా స్త్రీనిధి సహకార సంస్థ పుట్టింది. ఫోన్‌లో అడిగితే 48 గంటల్లో అప్పు ఖాతాలో పడాలన్నది దాని నియమం. కంపెనీ ఏజెంటు దగ్గర ఆడవాళ్లకు నచ్చింది ఒక్క వేగమే. దాన్ని తీసుకుని, మిగతాది వదిలేశారు.

సరిగా పడని అతుకు గురించి కూడా చెప్పాలి. 2014 ఎన్నికల ముందు డ్వాక్రా అప్పులు మాఫీ అవుతాయన్న మాట ఊరూరా పాకింది. ఆంధ్రలో చాలా సంఘాలు కంతులు ఆపేశాయి. ఎలాగూ మాఫీ అయ్యే అప్పు ఎందుకు కట్టాలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి లేదు. తర్వాత మాఫీకి బదులు సభ్యురాలికి 10,000 రూపాయల చొప్పున పెట్టుబడి సాయంగా విడతల్లో ఇచ్చారు. ఈలోగా బ్యాంకుల్లో మొండి బాకీలు పేరుకున్నాయి, కొత్త అప్పులు నిలిచాయి. పావలా వడ్డీలాగే ఇదీ రాజకీయ వాగ్దానమే. కాకపోతే అది గడువుకు కట్టినామెను మెచ్చుకుంది, ఇది కట్టనామెకు లాభం చూపించింది. ఉదారతలో రెంటికీ పెద్ద తేడా లేదు. 2020లో ఆంధ్రలో వచ్చిన ఆసరా పథకం ఈ పాఠం కొంత నేర్చుకుంది: 2019 ఏప్రిల్ 11 నాటి బాకీకి సమానమైన మొత్తాన్ని నాలుగు విడతల్లో సంఘాలకు ఇచ్చింది గానీ, బ్యాంకుకు కంతులు కట్టడం ఆపమనలేదు. మంచి పనితనంలో దిద్దుబాటు కూడా కనబడాలి. ఇక్కడ అది కనబడింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ పొలంలో ఉంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయి, స్వచ్ఛంద సంస్థల తోడుతో మందులు పూర్తిగా మానేసి, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలతో పంట తీశారు. 2004 తర్వాత రైతు ఆత్మహత్యలే ప్రభుత్వం ముందున్న పెద్ద సమస్య. సెర్ప్ ఆ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఊళ్లకు తీసుకెళ్లింది. ఇక్కడో చిన్న తెలివి ఉంది. సెర్ప్ వ్యవసాయ శాఖ కాదు. ఎరువుల లక్ష్యాలు, మందుల సిఫార్సులతో దానికి పని లేదు. మందు మానితే మిగిలే డబ్బును పేద ఇంటి ఆదాయంగా లెక్కగట్టింది. కాబట్టి అది వ్యవసాయ విధానంతో పేచీ పెట్టుకోలేదు, పేదరిక నిర్మూలన అనే తన పని గడప దాటకుండానే పొలంలోకి దిగింది.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో రైతు రుణమాఫీ అమలుకోసం 2014లో రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. మాఫీ పని కొంతకాలానిది. ఢిల్లీలో పనిచేసి తిరిగొచ్చిన విజయ్‌కుమార్ 2016లో ఆ సంస్థలోంచే ప్రకృతి వ్యవసాయాన్ని మొదలుపెట్టారు. సుభాష్ పాలేకర్ పద్ధతి అప్పుడు దేశంలో వినబడుతోంది, పేరు జీరో బడ్జెట్ ప్రకృతి వ్యవసాయం అయింది. డబ్బు కేంద్రం వ్యవసాయ పథకాలనుంచి వచ్చింది. పొలంలోకి వెళ్లింది మళ్లీ ఆ గ్రామ సంఘాలే: బీజామృతం, ఘనజీవామృతం కలిపే చేతులు, ఊళ్లో ఉండి నేర్పే సీఆర్పీలు, అంటే ముందు తమ పొలాల్లో చేసి చూపిన రైతులు. 2019లో ప్రభుత్వం మారింది. జీరో బడ్జెట్ అన్న మాటమీద శాస్త్రవేత్తల్లో అభ్యంతరాలు వచ్చాయి. ఆ మాటకోసం ఎవరూ పట్టుబట్టలేదు. ఊరి సమూహాలే నడిపే ప్రకృతి వ్యవసాయం అన్న అర్థమిచ్చేలా పేరు మారింది. రైతు భరోసా కేంద్రాలు వస్తే వాటితో కలిసి నడిచింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, అదే ఏడాది ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది, నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. పునుకుల రైతుల కషాయం కుండనుంచి ఢిల్లీ మంత్రివర్గ తీర్మానందాకా ఇన్ని పేర్లు మారాయి, ఇన్ని ప్రభుత్వాలు మారాయి. ఊళ్లో నేర్పే మనిషి మాత్రం ఊరి రైతే.

ఢిల్లీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2011 జూన్‌లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు దాని నమూనాల్లో మనది ముఖ్యమైనది. ఆ తర్వాత ఓరుగల్లు మహిళా సమాఖ్య వంటివాటి నుంచి ఆడవాళ్లు బిహార్, జార్ఖండ్ వంటి రాష్ట్రాలకు వెళ్లారు. భాష రాని ఊళ్లో పదిహేను రోజులుండి, ఆ ఊళ్లోని ఇళ్లలోనే తిని, పడుకుని, పేద ఆడవాళ్లను కూడగట్టి సంఘం పెట్టించి, మర్నాడు పక్క ఊరు. మూడు ఊళ్లకు 45 రోజులు. కేంద్రంలో 2014లో ప్రభుత్వం మారింది, మిషన్ పేరుకు ముందు దీన్‌దయాళ్ అంత్యోదయ చేరింది, ఆ ప్రయాణాలు ఆగలేదు.

ఇప్పుడు తెలంగాణలో ఇందిరా మహిళా శక్తి నడుస్తోంది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని సంఘాలకు వచ్చింది, క్యాంటీన్లు వచ్చాయి, మండల సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇస్తున్నాయి. పాత అతుకుల పద్ధతిలో చూస్తే ఇది చక్కని పనే: ప్రభుత్వానికి కావలసిన బస్సు, సంఘానికి నెలనెలా అద్దె. అయినా నాకు ఒక బెంగ ఉంది. బస్సు కొనాలంటే సమాఖ్య కార్యవర్గం కూర్చుని తీర్మానం రాసుకోవాలి. ఆ తీర్మానం చర్చలోంచి పుడుతోందా, లేక పైనుంచి రాసివచ్చిన కాగితం కింద సంతకాలు పడుతున్నాయా అన్నది మండలం మండలానికీ వెళ్లి పుస్తకం తిరగేస్తే తప్ప తెలియదు. లక్ష్యాలు గట్టిగా తరిమే కాలంలో ఏపీఎంలకు, సీసీలకు, అంటే మండలంలో సెర్ప్ పని చూసే సిబ్బందికి, నాలుగు రోజుల చర్చకన్నా ఒక్క సాయంత్రపు సంతకం తేలిక. ‘మాకు బస్సు వద్దు, ఈ ఏడు గొర్రెలకే అప్పు ఇస్తాం’ అని ఏ సమాఖ్య అయినా రాసుకుని, ఆ నిర్ణయం ఆఫీసులో చెల్లితే ఆ మండలంలో పడుగు బిగువుగా ఉన్నట్టు. ఎన్ని సమాఖ్యలు అలా రాసుకున్నాయో చెప్పే గడి నేను చూసిన ఏ నివేదికలోనూ లేదు, పెట్టాలి.